వంటింటి ముచ్చట్లు: రొట్టెలో బీరు

గద్వాల నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు: "మా అబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం. సెలవులకు వచ్చినప్పుడు మైదాలో బీరు పోసి డబల్ రొట్టె చేసి పెట్టాడు. బాగానే వున్నది. ఏ రకం బీరుతో చేస్తే ఇంకా బాగుంటుంది? ఇంట్లో చిన్నా పెద్దా అందరూ తినవచ్చునా? మా అత్తగారు మాత్రం ఆ రొట్టెను ముట్టుకోలేదు. ఆవిడది చాదస్తమా, వివేకమా మీరే చెప్పాలి."

అత్తాకోడళ్ళ మధ్య తీర్పు చెప్పే ధైర్యం ఏ కాలంలోనూ ఎవరికీ లేదు. అందుచేత ముందు బీరు సంగతి చూద్దాం. వండి చూడకుండా వంట గురించి వ్రాయకూడదని నా నియమం. వనపర్తిలో మా వంటింట్లో రెండు వారాలపాటు ఇదే పనిమీద వున్నాను.

మా వారు కాఫీ తప్ప మరొకటి ఎరుగని మనిషి. అటువంటి ఆయన చేతికి సంచీ ఇచ్చి వైన్ షాపుకు పంపడం సాహసమే. "ఏమండీ, తేలిక రకం ఒకటి, స్ట్రాంగు ఒకటి తెచ్చిపెట్టండి" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, "రొట్టెకే గదా?" అని అడిగి మరీ బయలుదేరారు. ఆయన తిరిగి వచ్చేసరికి సంగతి వీధిలో సగం ఇళ్ళకు తెలిసిపోయింది. పక్కింటి పెద్దమ్మ గోడమీదుగా, "ఏందమ్మా, సారుకు గిది ఎప్పటినుంచి అలవాటైంది?" అన్నది. "సారుకు కాదు పెద్దమ్మా, పిండికి" అని చెప్పవలసి వచ్చింది.

గోధుమలతో చేసే బీరు, స్టౌట్ అనే నల్ల బీరు మా వూళ్ళో దొరకలేదు. హైదరాబాదులో వుంటున్న మా తమ్ముడు వస్తూ తెచ్చిపెట్టాడు. ఈ నాలుగింటి పక్కన ఉత్త సోడా సీసా కూడా ఒకటి పెట్టుకున్నాను. పోల్చి చూసేందుకు ఒక కొలబద్ద వుండాలి గదా!

అన్ని రొట్టెలకూ ఒకటే కొలత. మూడు కప్పుల మైదా, అనగా 375 గ్రాములు. మూడు చెంచాల బేకింగ్ పౌడరు, ఒక చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల చక్కెర. వీటిని కలిపి రెండుసార్లు జల్లించుకోవాలి. పైన 330 మిల్లీలీటర్ల బీరు పోయాలి. చిన్న సీసా సరిగ్గా అంతే వుంటుంది. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు కనుక అందులో సగం చాలు. మిగతా సగం ఏమైందని అడగకండి, అది రెండో రొట్టె అయింది.

ఈ పిండిని చపాతీ పిండిలాగా పిసకకూడదు. గరిటెతో పది పన్నెండు తిప్పులు తిప్పి, పొడి కనిపించకుండా కలిస్తే చాలు. చూడడానికి గారెల పిండిలా ముద్దగా, ఉండలు ఉండలుగానే వుంటుంది. నెయ్యి రాసిన గిన్నెలో వేసి, పైన రెండు పెద్ద చెంచాల కరిగిన వెన్న పోసి, 190 డిగ్రీల వేడిలో 45 నుంచి 50 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ లేనివారు కుక్కరు అడుగున ఇసుకగాని, ఉప్పుగాని పరిచి, రబ్బరూ వెయిటూ తీసివేసి, పది నిమిషాలు ఖాళీగా వేడిచేసి, అందులో గిన్నె దించి సన్నని సెగమీద గంటసేపు వుంచవచ్చును. సన్నని పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. చల్లారిన తరువాతనే కోయాలి. వేడిమీద కోస్తే లోపల జిగట జిగటగా వుంటుంది.

ముందుగా సోడా రొట్టె సంగతి చెబుతాను, ఎందుకంటే అదే నాకు ఎక్కువ నేర్పింది. సోడా పోసిన రొట్టె ఎంత ఎత్తు పొంగిందో, బీరు పోసిన రొట్టె కూడా అంతే పొంగింది. వేలెడు తేడా కూడా లేదు. బీరులో ఈస్టు వుంటుంది కాబట్టి రొట్టె పొంగుతుందని చాలామంది అనుకుంటారు. బీరు తయారయ్యేది ఈస్టు వల్లనే, నిజం. కాని సీసాలో పోసి అమ్మే మామూలు బీరును వడకట్టి, వేడిచేసి మరీ పంపుతారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ బీరు ఎందుకు చెడిపోతుందో పరిశోధించి 1876లో ఒక గ్రంథమే ప్రకటించాడు. ఆయన పేరుమీద వచ్చిన పాశ్చరైజేషన్ పద్ధతి మన పాలకే కాదు, బీరుకూ వుపయోగిస్తున్నారు. అది జరిగాక అందులో పిండిని లేపగల ప్రాణం మిగలదు. సీసాలోని గాలి బుడగలు చాలా భాగం గరిటె తిప్పేటప్పుడే పోతాయి. కాబట్టి పొంగించే పని బేకింగ్ పౌడరుదే.

మరి బీరు చేసే పనేమిటి? వాసన, రంగు, నాలుక చివర సన్నని చేదు. సోడా రొట్టె తింటే పిండి తిన్నట్టే వున్నది. బీరు రొట్టె తింటే మొలకెత్తిన గింజను వేయించినట్టు ఒక కమ్మదనం వున్నది. గద్వాల చీర చూడండి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. దూరాన్నుంచి గుర్తుపట్టేది అంచునుబట్టే గాని, ఒంటిని కప్పేది నూలే. ఈ రొట్టెలో బీరు అంచువంటిది.

ఇక ఒక్కొక్కటీ చెబుతాను. తేలిక రకం లాగర్ బీరుతో చేసిన రొట్టె బంగారు రంగుతో, పైపెచ్చు కరకరలాడుతూ వచ్చింది. చేదు బహు తక్కువ. పల్లీల చట్నీతో తిన్నాం, పులగూరతో తిన్నాం. రెండింటికీ నప్పింది. మొదటిసారి చేసేవారికి ఇదే మేలు.

స్ట్రాంగు బీరుతో లాభమేమీ కనబడలేదు. ఓవెన్ తలుపు తీయగానే గుప్పుమని వాసన కొట్టింది. మా వారు కిటికీలు తెరిచారు. రుచిలో మాత్రం తేలిక రకంకంటె మెరుగు లేదు. ఎక్కువ ఘాటైనది పోస్తే ఎక్కువ రుచి వస్తుందనుకోవడం, ఎక్కువ కారం వేస్తే కూర బాగుంటుందనుకోవడం వంటిదే.

గోధుమ బీరు నన్ను ఆశ్చర్యపరచింది. బెల్జియం పద్ధతిలో చేసే గోధుమ బీరులో ధనియాలూ, నారింజ తొక్కా వేస్తారు. ధనియాల వాసన మనకు కొత్తది కాదు గదా! చక్కెర ఒక చెంచా తగ్గించి, పిండిలో అర చెంచా వాము నలిపి వేశాను. సాయంత్రం టీలోకి ఇంతకంటె మంచి రొట్టె అక్కరలేదు.

నల్ల బీరు మాడబెట్టినట్టు వేయించిన బార్లీతో తయారవుతుంది. అందుకే ఆ రంగు, ఆ కాఫీ వాసన. దీనికి మైదా ఒక్కటే చాలదనిపించి, 75 గ్రాముల మైదా తీసివేసి ఆ మేరకు మన పాలమూరు జొన్నపిండి కలిపాను. చక్కెరకు బదులు బెల్లం తురిమి వేశాను. జొన్నకు సాగే గుణం లేదు కనుక అంతకంటె ఎక్కువ కలిపితే రొట్టె విరిగిపోతుంది. ఇది తీపీ చేదూ కలిసిన రొట్టె. నాకు అన్నిటికంటె ఇదే నచ్చింది. మా వారు ఒక ముక్క తిని, "మందులా వుంది" అన్నారు. చేదు ఇష్టపడనివారు దీని జోలికి పోకండి.

మరొక హెచ్చరిక. బీరులో చేదు హాప్స్ అనే తీగ పూలవల్ల వస్తుంది. కొన్ని రకాలలో ఆ పూలు ఎక్కువగా వేస్తారు. ఐ.పి.ఏ. అని పేరు చూస్తే రొట్టెకు వద్దనుకోండి. ఏ బీరునూ మరగబెట్టి చిక్కబరిచి పోయకండి. నీరు పోతుంది గాని చేదు పోదు.

బీరు, రొట్టె ఒక తల్లి బిడ్డలే. ప్రాచీన ఈజిప్టులో రెండూ పక్కపక్కనే తయారయ్యేవి. మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమను గ్రంథకర్త, గాల్ దేశంవారు బీరు నురగతో పిండి పులియబెడతారనీ, అందుచేత వారి రొట్టె ఇతరుల రొట్టెకంటె తేలికగా వుంటుందనీ వ్రాశాడు. ఆ నురగలో ప్రాణమున్న ఈస్టు వుండేది. ఈనాటి సీసా బీరులో లేనిది అదే.

అయితే ప్రాణమున్న నురగ మన దగ్గర లేదా? తాటిచెట్టుకూ, ఈతచెట్టుకూ కట్టిన లొట్టిలో వున్నది! గోవాలో రొట్టెలు కాల్చేవారు తరతరాలుగా కొబ్బరికల్లుతోనే పిండి పులియబెట్టేవారు. వారి సన్నాలూ అంతే. కేరళలో అప్పానికి కల్లు కలపడం అందరెరిగినదే. మరి మన పాలమూరులో వూరూరా ఈతవనాలు పెట్టుకుని, రొట్టె పొంగడానికి పట్నంనుంచి సీసా తెప్పించుకోవడమేమిటనిపించింది.

మా అన్నయ్య పొలం వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు పోయే దారిలో వున్నది. గట్టుమీద తాళ్ళున్నాయి. తెల్లవారకముందే వెళ్ళి, గౌడన్న చెట్టు దిగుతుండగా లొట్టిలోది లొట్టిలోనే వడకట్టించుకుని తెచ్చాను. 375 గ్రాముల మైదాకు 250 మిల్లీలీటర్ల కల్లు, పెద్ద చెంచాడు చక్కెర, చెంచా ఉప్పు. బేకింగ్ పౌడరు చిటికెడు కూడా వేయలేదు. దీన్ని మాత్రం బాగా పిసికి, తడిబట్ట కప్పి పెట్టాను. ఎండాకాలం గనుక మూడు గంటలలో రెండింతలైంది. ఒకసారి అణచి గిన్నెలో వేసి, మళ్ళీ పొంగాక కాల్చాను. లోపల దూదిలా వచ్చింది, కొంచెం పులుపు, కొంచెం తీపి. నాలుగు సీసాల బీరూ చేయలేని పని ఈ కల్లు చేసింది.

ఇక్కడితో ఆపి, అందరూ కల్లు తెచ్చుకోండి అని వ్రాయగలిగితే ఎంత బాగుండేది! వ్రాయలేను. చెట్టునుంచి దిగిన కల్లు వేరు, దుకాణంలో దొరికేది వేరు. చెట్లు తక్కువ, తాగేవారు ఎక్కువ. అందుచేత నీళ్ళు కలిపి, మత్తు తగ్గకుండా క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలాం వంటి మందులు కలపడం పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఏళ్ళ తరబడి బయటపడుతూ వచ్చిన సంగతి. వాటికి అలవాటుపడ్డవారు ఒక్కసారిగా మానితే వణుకు, పిచ్చిమాటలు, మూర్ఛలు వచ్చి ఆసుపత్రుల పాలవుతున్నారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. పిండిలో కలిపి కాల్చినంత మాత్రాన ఆ మందులు పోతాయని నమ్మడానికి వీలులేదు. కనుక మీ కళ్ళముందు, మీరెరిగిన గౌడన్న చెట్టుమీదనుంచి దింపి ఇస్తేనే కల్లు వాడండి. అది కుదరకపోతే ఈస్టు పొట్లం కొనుక్కోండి. దుకాణం కల్లు మాత్రం వంటింట్లోకి రానీయకండి. నిజాయితీగా చెట్టెక్కే గీతకార్మికుడికి కూడా ఈ కల్తీ తీరని అన్యాయమే చేస్తున్నది.

ఇక గద్వాల సోదరి రెండో ప్రశ్న: అందరూ తినవచ్చునా? "కాల్చితే మత్తంతా ఆవిరైపోతుంది" అని వాళ్ళ అబ్బాయి చెప్పి వుంటాడు. చాలామంది అలాగే చెబుతారు. అది పూర్తిగా నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖవారు వండిన పదార్థాలలో ఎంత ఆల్కహాలు నిలుస్తుందో పట్టిక వేశారు. పదార్థంలో కలిపి అరగంట వండితే నూటికి 35 పాళ్ళు, గంట వండితే 25 పాళ్ళు మిగులుతుందట. రెండున్నర గంటలు వండినా 5 పాళ్ళు వుంటుంది. మన రొట్టెకు లెక్క వేద్దాం. నూటికి 5 పాళ్ళ ఘాటున్న బీరు 330 మిల్లీలీటర్లలో ఆల్కహాలు 16 మిల్లీలీటర్ల పైచిలుకు. కాల్చిన తరువాత నాలుగునుంచి ఆరు మిల్లీలీటర్లు మిగలవచ్చును. రొట్టెను పన్నెండు ముక్కలు కోస్తే ముక్కకు అర మిల్లీలీటరుకు మించదు. 8 పాళ్ళుండే స్ట్రాంగు బీరైతే ముక్కకు ముప్పాతిక మిల్లీలీటరుదాకా పోవచ్చును. ఆరోగ్యంగా వున్న పెద్దవారికి దీనివల్ల మత్తెక్కదు. కాని సున్నా కాదు. సున్నా కావలసినవారు మన మధ్య వున్నారు.

నాగర్‌కర్నూలులో మా పిన్ని వున్నది. ఫోనులో నా ప్రయోగాలన్నీ చెప్పి, "ఒక రొట్టె పంపనా పిన్నీ?" అని అడిగాను. కొంచెంసేపు అటునుంచి మాట లేదు. తరువాత మెల్లగా, "వద్దు బిడ్డా. తమ్ముడు మందు మానేసి పదకొండు నెలలైంది. రోజూ గోళీ ఏసుకుంటున్నడు. దగ్గుమందు గూడ అడగకుండ తాగొద్దన్నడు డాక్టరు. నువ్వు అడిగినవు గాబట్టి సరిపాయె" అన్నది.

ఆ గోళీ సంగతి ప్రతి ఇల్లాలూ తెలుసుకోవాలి. తాగుడు మానిపించడానికి వైద్యులిచ్చే మందుల్లో డైసల్ఫిరాం ఒకటి. అది వేసుకుంటున్నవారి ఒంట్లో ఆల్కహాలు పూర్తిగా విరగక, మధ్యలో విషపదార్థంగా నిలిచిపోతుంది. ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. ఒక్కొక్కప్పుడు ప్రాణంమీదికి వస్తుంది. అందుకే ఆల్కహాలు కలిసిన దగ్గుమందులు, వంటకాలు కూడా వారికి వద్దంటారు. మందు మింగకపోయినా, పట్టుదలతో తాగుడు మానినవారికి ఆ వాసనే పాత దారిని గుర్తుచేయవచ్చును. ఇక మతధర్మంగా ముట్టనివారు, పసిపిల్లలు, గర్భిణులు సరేసరి. పదకొండు నెలలు ఒక తల్లి కంటికి రెప్పలా కాచుకున్నదాన్ని మన సరదా రొట్టె ఒక్క ముక్కతో పాడుచేయకూడదు.

కాబట్టి తీర్పు చెప్పకతప్పదు. సోదరీ, మీ అత్తగారిది చాదస్తం కాదు. ఆవిడ వయసువారు ఎన్ని చూశారో తలచుకోండి. సారాకు వ్యతిరేకంగా నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన స్త్రీల పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారాను నిషేధించేవరకు సాగింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలిపోయింది. తాగి వచ్చిన మగవాడికి అన్నం వడ్డించిన చేతులు ఎన్నో ఆ పోరాటంలో పిడికిళ్ళయినాయి. ఆ రోజులు ఎరిగిన ఆడమనిషి సీసాను వంటింటి గట్టుమీద చూస్తే ముఖం తిప్పుకోవడంలో ఆశ్చర్యమేమున్నది? ఆవిడకు బీరు రొట్టె గొప్పదనం గురించి పాఠం చెప్పకండి.

అలాగని మీ అబ్బాయిదీ తప్పు కాదు. అమ్మకు తన చేతితో రొట్టె చేసి పెట్టే కొడుకులు ఎందరున్నారు! అతన్ని మాననీయకండి. రెండు గిన్నెలు పెట్టమనండి. ఒకదానిలో తేలిక బీరు. రెండోదానిలో బీరుకు బదులు 330 మిల్లీలీటర్ల పల్చని పుల్లమజ్జిగ, బేకింగ్ పౌడరు రెండే చెంచాలు, అర చెంచా వంటసోడా, వేయించి దంచిన ధనియాలు ఒక చెంచా. మా ఇంట్లో అది బీరు రొట్టెకంటె ముందే ఖాళీ అయింది. రంగు తక్కువైతే పైన బెల్లంనీళ్ళు రాయండి, చక్కగా ఎర్రబడుతుంది.

ఇంకొక్క మాట. బీరు పోసిన రొట్టెను డబ్బాలో పెట్టి దానిమీద కాగితం అంటించి, పేరు వ్రాయండి. ఎవరికి పెట్టినా ముందు చెప్పి, తరువాత పెట్టండి. ఎందుకు వద్దన్నారని అడగకండి. కొందరు చెప్పుకోలేరు.

పాఠకులలో ఎవరి ఇంట్లోనైనా జొన్న, సజ్జ పిండ్లతో ఇటువంటి రొట్టె చేసి వుంటే కొలతలతోసహా నాకు వ్రాయండి. సజ్జపిండితో ఎంతవరకు కలిపితే రొట్టె నిలుస్తుందో ఇంకా పరీక్షిస్తున్నాను. మా వారు మాత్రం వైన్ షాపుకు ఇక పోనన్నారు. మజ్జిగకైతే ఎక్కడికైనా వెళతారట.